ఇద్దరు కోడళ్ళ సెలవు

"ఇంకోసారి చెప్పండి," అంది పెద్దకోడలు ఫోన్లో.

మొదటిసారే బాగా వినపడింది. అయినా రెండోసారి అడిగితే మాట మారుతుందేమోనని ఒక పిచ్చి ఆశ.

మారలేదు. "బూడిదరంగు కోటు. ఆడవాళ్ళది. మోకాళ్ళ కిందిదాకా ఉంటుంది. కాలరుకీ చేతుల అంచులకీ నల్ల మఖమల్," అన్నాడు అవతలినుంచి భర్త. "సంగీతం టీచరుగారిది. పొద్దున్న షట్టరెత్తేసరికే వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆవిడా సెలవులకి ఏదో చలి ఊరెళుతోందట, రేపే ప్రయాణమట. ఉన్ని బట్టల పైరాక్ అంతా దించి చూశాం. లేదు."

పెద్దకోడలు గాజు తలుపు వైపు చూసింది. తలుపవతల చిన్న బాల్కనీ, దాని కింద రోడ్డు, రోడ్డవతల సరస్సు. బాల్కనీలో పేము కుర్చీ. కుర్చీలో కాళ్ళు కమ్మీల మీదికి చాపుకుని, టీ కప్పు పట్టుకుని, ఆమె తోడికోడలు. తోడికోడలి ఒంటి మీద మోకాళ్ళ కిందిదాకా బూడిదరంగు కోటు. కాలరుకి నల్ల మఖమల్.



"వింటున్నావా?"

"ఆ, వింటున్నా. అత్తయ్యేమంటోంది?"

"అమ్మ పొడుగాయన్ని పట్టుకుంది. పైరాక్‌కి స్టూలు లేకుండా చెయ్యందేది ఆయనొక్కడికేగా! ఇంకెవరు తీసినా స్టూలు జరిగిన చప్పుడు నాకు వినపడేదంటోంది. సాయంత్రం లోపల కోటు కనబడకపోతే రేపటినుంచి రావద్దని మొహం మీదే చెప్పేసింది. ఆయన ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేసి, పోయి వెనకాల మెట్ల మీద కూచున్నాడు."

పొడుగాయన అంటే వాళ్ళ కుటుంబం నడిపే లాండ్రీలో పెద్ద ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడే మనిషి. పెద్దకోడలు కాపురానికి వచ్చేనాటికే అక్కడున్నాడు. ప్యాంటు మడత ఎలా కూర్చాలో ఆమెకి నేర్పింది ఆయనే.

"కాసేపాగండి. నేను మళ్ళీ చేస్తా."

"అక్కడినుంచి నువ్వేం చేస్తావులే! ఏదో ఊరికే చెప్పాను. నీ సెలవు పాడుచేసుకోకు," అని పెట్టేశాడు ఆ అమాయకుడు.

పెద్దకోడలికి మొదట వచ్చింది పొడుగాయన మీద జాలి కాదు. తన సెలవు గంగలో కలిసిందన్న మంట. ఆ తర్వాతే ఆయన గుర్తొచ్చాడు. అందుకు ఆమె సిగ్గుపడిందిగానీ, మంట మాత్రం తగ్గలేదు.

తగ్గదు మరి. ఆ ఇంట్లో సెలవంటే వంతులవారీ సరుకు. షాపు షట్టరు మూతపడకూడదన్నది అత్తగారి పంతం. ఒక కొడుకూ కోడలూ ఊరెళితే, రెండో జంట బల్లల దగ్గర నిలబడాలి. వెళ్ళినవాళ్ళకి కూడా ఆవిరి వాసన ముక్కులోంచి పోకముందే ఫోను వచ్చేది, మిషను ఆగిపోయింది, రండి అని. ఇన్నేళ్ళలో పెద్దకోడలు తలపెట్టిన ప్రయాణాల్లో పూర్తిగా అయింది ఒక్కటీ లేదు. ఒకసారైతే బస్టాండులోంచే వెనక్కి వచ్చేసింది.

ఈసారి ఎదురు నిలిచింది. మగవాళ్ళిద్దరూ షాపు చూసుకుంటారు, మేమిద్దరం వెళతాం, తర్వాత వాళ్ళిద్దరినీ పంపుదాం అంది. అత్తగారు చాలా రోజులు నానబెట్టి, చివరికి "సరే, చూద్దాం. ఈసారి ఏ గొడవా లేకుండా జరిగితే వచ్చే ఏడూ ఆలోచిద్దాం," అంది. ఆ ఇంట్లో అది మామూలు వరం కాదు.

అంత కష్టపడి తెచ్చుకున్న సెలవులో ఒక్క పూటకూడా పోనివ్వనని పెద్దకోడలు కాళ్ళకి చక్రాలు కట్టుకుంది. దిగిన రోజే కోట ఎక్కించింది. మర్నాడు జలపాతం, మ్యూజియం, అద్దాల మేడలో పూల తోట. చూసినదల్లా ఫోటో తీసి ఇంటికి పంపింది. మూడో రోజు బయల్దేరుతుంటే చిన్నది మంచం మీంచి లేవనంది.

"నేను చూడ్డానికి రాలేదక్కా, కూర్చోడానికి వచ్చాను," అంది. "షాపులో కుర్చీ ఉందా మనకి? ఉన్న ఒక్కటీ అత్తయ్యది. పెళ్ళయినప్పటినుంచీ నిలబడే ఉన్నాను. ఇక్కడ కూడా నడిపిస్తావేంటి?"

"కూర్చోడానికి ఇంత దూరం రావాలా?"

"అవును. దగ్గర్లో ఎవరూ కూర్చోనివ్వలేదు."

ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. నిన్న పడవ షికారుకి పెద్దది ఒక్కతే వెళ్ళింది. చిన్నది బాల్కనీ కదల్లేదు. రాత్రి ఒకే గదిలో రెండు గోడల వైపు తిరిగి పడుకున్నారు.

ఇప్పుడా మౌనాన్ని ఎవరో ఒకరు తెంచక తప్పదు. పెద్దకోడలు గాజు తలుపు జరిపింది.

"కోటు చాలా బావుంది," అంది.

చిన్నది తల తిప్పలేదు. "బస్సులోనే చెప్పాగా, మా అక్క ఇచ్చిందని."

"మీ అక్క సంగీతం ఎప్పటినుంచి నేర్పుతోంది?"

నోటిదాకా వెళ్ళిన కప్పు అక్కడే ఆగింది. కమ్మీల మీది కాళ్ళు నెమ్మదిగా కిందికి దిగాయి.

"ఎవరు ఫోన్ చేసింది?"

"మీ బావగారు. టీచరుగారు షాపు గుమ్మంలో నిలబడిందట, కోటేదీ అని."

"ఇప్పుడా?" చిన్నదాని గొంతులో భయంకంటే ముందు ఆశ్చర్యం వచ్చింది. "ఇప్పుడెందుకు వస్తుంది? చలి మొదలై, పిల్లలకి దగ్గులొచ్చి, అందరూ పట్టుకుపోయాకగానీ రాదావిడ. ప్రతి ఏడూ ఆఖరి కోటు ఆవిడదే. వెనక వరసలో గోడవైపు పెట్టేది అందుకేగా!"

అది నిజమే. లాండ్రీ వాళ్ళకి ఊళ్ళో జనం మొహాలకంటే వాళ్ళ రాకపోకలు బాగా తెలుస్తాయి. ఎవరి దుప్పట్లు ఎప్పుడు దిగుతాయో, ఎవరి సూటు ఎప్పుడు పైకెక్కుతుందో నిద్రలో అడిగినా చెబుతారు. చిన్నది తప్పు చెయ్యడంలోనూ ఆ పనితనమే చూపించింది. ఉన్ని బట్టల్లో ఏది పోతే ఎవరూ వెతకరో దాన్నే చూసి మరీ తీసింది.

"ఈసారి ఆవిడకీ సెలవులట. రేపు ఊరెళుతోందట," అంది పెద్దకోడలు.

"ఆవిడకీ ఇప్పుడే దొరకాలా సెలవు!"

"నవ్వొచ్చే మాటలనకు. నువ్వు చేసిందేమిటో తెలుస్తోందా? కస్టమరు బట్ట ఒంటిమీద వేసుకున్నాడని అత్తయ్య సొంత తమ్ముణ్ణే వెళ్ళగొట్టింది. చొక్కా! ఒక్క పూట, పెళ్ళికి. ఇప్పటికీ ఆయన మన గుమ్మం తొక్కడు."

"తెలుసు."

"తెలిసే తీశావా?"

చిన్నది కప్పు నేల మీద పెట్టింది. "మనం చలి ఊరెళితే ఎలా ఉంటామో తెలుసా అక్కా? స్వెటరు మీద స్వెటరు, దాని మీద శాలువా. ఉల్లిపాయలకి కాళ్ళొచ్చినట్టు ఉంటాం. ఊళ్ళోవాళ్ళ మంచి మంచి కోట్లన్నీ నా చేతుల మీదుగానే పోతాయి. ఒక్కటి, ఒక్కసారి వేసుకుని ఒకచోట కూర్చోవాలనిపించింది. అంతే. ఈ లాడ్జిలో కింద కుర్రాడు నన్ను మేడమ్ అన్నాడు. నిన్నన్నాడా?"

పెద్దకోడలిని ఆ కుర్రాడు ఆంటీ అన్నాడు. ఆ సంగతి ఆమె చెప్పలేదు.

"పొడుగాయన్ని మాన్పించేస్తోంది అత్తయ్య," అంది. "ఆయనే తీశాడని."

ఈసారి చిన్నదాని మొహంలో రంగు మారింది. "ఆయనెందుకు తీస్తాడు?"

"చెయ్యందుతుంది కాబట్టి. నువ్వెలా తీశావసలు, చప్పుడు కాకుండా?"

"బట్టల మూట మీద ఎక్కి." చిన్నది లేచి నిలబడింది. కాసేపు సరస్సు వైపు చూసింది. "ఒకటి చేద్దాం. ఆదివారం వెళ్ళగానే వెనక వరసలో తగిలించేస్తా. రెండు కోట్ల మధ్య ఇరుక్కుందనుకుంటారు. ఆయన్ని మళ్ళీ పిలిపిస్తారు."

"టీచరుగారు రేపు ఏం వేసుకుని వెళుతుంది?"

చిన్నదాని వేళ్ళు మఖమల్ కాలరు మీదికి వెళ్ళాయి.

"మనిషిని దొంగన్నాక మళ్ళీ పిలిస్తే వస్తాడా? నువ్వైతే వస్తావా?"

చిన్నది కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. విప్పి, భుజాలు కలిపి, లోపలివైపు బయటికి తిప్పి, మధ్యకి మడిచింది. చేతులు వాటంతటవే ఆ పని చేసుకుపోయాయి. మనిషి మాత్రం ఇక్కడ లేదు.

పెద్దకోడలు ఫోను తీసింది. ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోనేలేదు, చేతిలో ఫోనే మోగింది. అత్తగారు.

"ఏమ్మా," అంది అత్తగారు. ఆవిడ గొంతు ఎప్పుడూ పైకి లేవదు. షాపులో అంత చప్పుడు మధ్య కూడా అందరూ ఆగి వినేది అందుకే. "నువ్వు పంపిన ఫోటోలు ఇప్పుడే తీరిగ్గా చూశాను. జలపాతం బాగుంది. పక్కన ఒక చెయ్యి పడింది చూశావా? చేతికి బూడిదరంగు. అంచున నల్ల మఖమల్. ఆ అంచు చిరిగితే పోయినేడు నేనే కుట్టాను."

వచ్చే ఏడు మళ్ళీ పంపాలంటే ఎంత బాగా గడిపామో అత్తగారికి తెలియాలని పెద్దకోడలు పంపిన ఫోటోలు అవి.

"పొడుగాయనకి నా తప్పని చెప్పాను. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను. అది అయిపోయింది, వదిలెయ్. టీచరుగార్ని సాయంత్రం రమ్మన్నాను. మధ్యాహ్నం బస్సుకి మీలో ఒకరు కోటు తీసుకుని రండి."

"ఒకరా అత్తయ్యా?"

"కోటు మొయ్యడానికి ఇద్దరెందుకు? రెండోవాళ్ళు ఉండి సెలవు పూర్తి చేసుకు రావచ్చు. ఎవరు తీశారని నేనడగను. బస్సు దిగేదెవరో చూస్తాను."

ఫోను స్పీకరులో లేదు. అయినా పక్కనే చెవి పెట్టి విన్న చిన్నదానికి మొత్తం అర్థమైపోయింది. మడత పెట్టిన కోటు గుండెకి అదుముకుని నిలబడిపోయింది. పెద్దకోడలు ఆ మొహం వైపు చూసింది. తమ్ముణ్ణి వదలని మనిషి కోడల్ని వదులుతుందా?

"నేనొస్తాను అత్తయ్యా," అంది.



"నువ్వా?" అంది అత్తగారు. తర్వాత ఫోను ఆగిపోయింది.

ఆ ఒక్క మాట పెద్దకోడలి చెంప మీద తగిలినట్టే తగిలింది. తట్టుకుని, కళ్ళు తుడుచుకుని, కాస్త నవ్వు తెచ్చుకుని తోడికోడలి వైపు తిరిగింది. అది వచ్చి మెడ చుట్టూ చేతులేసి ఏడుస్తుందని అనుకుంది. కాదనడమెందుకు, అనుకుంది.

"నన్నడిగావా?" అంది చిన్నది.

"ఏంటి?"

"నేనొస్తానని చెప్పేముందు నన్నడిగావా?"

"ఇందులో అడగడానికేముంది? నువ్వెళితే ఆవిడ నిన్ను..."

"ఏం చేస్తుందో అది చెయ్యనీ! తీసింది నేను." చిన్నది ఒక అడుగు ముందుకేసింది. "నువ్వు నా బదులు వెళ్ళావనుకో. ఇంక ఆ ఇంట్లో నీ ముందు నేను నోరెత్తగలనా? పొద్దున్నే లేచి నీళ్ళు పట్టమంటే పట్టాలి. పండగ బట్టల రద్దీలో పెద్ద బల్ల నాకిమ్మని అడగలేను. మా ఆయన ఏదన్నా అంటే, పాపం అక్క మనకోసం ఏం చేసిందో తెలుసా అని నేనే ఆయన నోరు మూయించాలి. బతికినంత కాలం నువ్వు మంచిదానివి, నేను దొంగని. అత్తయ్య తిట్లు ఒక వారం. ఇది జన్మంతా. నాకొద్దు."

పెద్దకోడలు మంచం మీద కూలబడింది. ఎంత మాటంది! అని ముందు ఒళ్ళు మండింది. తర్వాత, ఇందాక ఆ ఏడుపు కోసం ఎదురుచూసిన క్షణం గుర్తొచ్చింది. అందులో కొంచెం లాభం చూసుకుందా తను? చూసుకుంది. ఎంతోకాలంగా ఈ పిల్ల తనకి లొంగడం లేదన్న గుర్రు ఎక్కడో ఒక మూల ఉంది. లేదని ఎవరితోనైనా అనొచ్చు, తనతో తను అనుకోలేదు.

"సరే," అంది చివరికి. "ఏం చేద్దామంటావు?"

"నేనే వెళతాను. నువ్వుండు. ఇంకా సగం సెలవుంది, రోప్‌వే ఎక్కనేలేదు. బస్సు ఎక్కాక ఫోన్ చేసి, వచ్చేది నేనని ఆవిడకి చెప్పు. నేను దిగేసరికి నీకోసం చూస్తూ ఉండకూడదావిడ."

సంచి సర్దుకోడానికి ఎంతోసేపు పట్టలేదు. కోటుని లాడ్జివాళ్ళ దగ్గర అడిగి తెచ్చిన శుభ్రమైన దిండు గలీబులో పెట్టారు. ముడతపడకుండా లోపల పాత పేపరు ఉండలు కుక్కింది పెద్దకోడలు. చేతుల దగ్గర ఒక ఉండ తక్కువైందని చిన్నది అంది. ఇంకోటి పెట్టింది. పొద్దుటినుంచీ ఇద్దరూ గొడవ లేకుండా చేసిన పని అదొక్కటే.

బస్టాండు లాడ్జికి దగ్గరే. కొండ మీదినుంచి కిందికి పోయే బస్సు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. చిన్నది ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. స్వెటరు మీద స్వెటరు, దాని మీద శాలువా. ఒళ్ళో కోటు.

"చెయ్యి ఫోన్," అంది కిటికీలోంచి.

పెద్దకోడలు చేసింది. మొదటి రింగుకే ఎత్తింది అత్తగారు.

"అత్తయ్యా, పొద్దున నేను అబద్ధం చెప్పాను. వచ్చేది నేను కాదు. చిన్నది. తనే వస్తానంది. నేను పంపలేదు."

"చిన్నదని నాకు ఫోటో చూసినప్పుడే తెలుసు," అంది అత్తగారు. "ఫోటోలు తీసేదానివి నువ్వు. పక్కన పడే చెయ్యి ఇంకెవరిదవుతుంది?"

"మరి తెలిసీ ఎందుకు..."

"తనంతట తను వస్తుందా రాదా అని చూశాను. వస్తోంది. దాంతో ఏం మాట్లాడాలో మాట్లాడతాను, మా తమ్ముడికి చేసినట్టు చెయ్యనులే. అప్పుడు నాదీ చిన్న వయసే. నీ సంగతి వేరు. ఇన్నేళ్ళు నీ మాట మీద నేను కౌంటరు వదిలి లోపలికి వెళ్ళి పడుకున్నాను. లెక్క సరిపోయిందని నువ్వంటే మళ్ళీ చూసుకోలేదు. అలాంటిదానివి ఇవాళ నాకు అంత తడుముకోకుండా అబద్ధం చెప్పావు. పోయిన కోటు దొరికింది. ఇదెక్కడ వెతుక్కోను? నువ్వూ ఎక్కు. ఇద్దరితో కలిపి మాట్లాడాలి."

కండక్టరు తలుపు దగ్గర నిలబడి ఆమెనే చూస్తున్నాడు. "ఎక్కుతారా అమ్మా? తీసేస్తున్నాం."

చిన్నది కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఏమంటోంది అక్కా? రమ్మంటోందా?"

పెద్దకోడలి కుడికాలు దానంతటదే మెట్టు మీదికి వెళ్ళింది. అత్తగారు రమ్మంటే వెళ్ళడం ఆ కాలికి అలవాటు. బస్టాండులోంచి వెనక్కి తిరిగిన రోజున కూడా అదే ముందు తిరిగింది. తిట్లంటే ఆమెకి భయం లేదు. తప్పు చేసింది, పడుతుంది. కానీ ఆ తిట్ల కోసం ఇవాళే, ఈ బస్సుకే ఎందుకు పరిగెత్తాలి? కోటు వెళుతోంది. పొడుగాయన బల్ల దగ్గరున్నాడు. షట్టరు తెరిచే ఉంది. ఆమె వెళ్ళకపోతే ఆగిపోయేది ఏదీ లేదు, ఒక్క అత్తగారి కోపం తప్ప.

కాలు వెనక్కి తీసుకుంది.

"రాను అత్తయ్యా," అంది.

"ఏమన్నావు?"

"సెలవు అయ్యాక వస్తాను. మీరు అనాల్సినవన్నీ అప్పుడు అనండి, నిలబడి వింటాను. ఇప్పుడు మాత్రం రాను."

కిటికీలో చిన్నది నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. కండక్టరు ఈల వేశాడు. బస్సు కదిలి, మలుపు తిరిగి, కొండ దిగిపోయింది.

ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది. అవతల షాపులో ఆవిరి బుస్సుమంటోంది. ఎవరో రసీదు అడుగుతున్నారు, ఇంకెవరో జవాబు చెబుతున్నారు. అత్తగారు ఏమీ అనలేదు. ఫోనూ పెట్టెయ్యలేదు. పెద్దకోడలు కూడా పెట్టెయ్యలేదు.